అత్తమ్మ కడిగిన జొన్నలు

వంటింటి దూలానికి వేలాడే సొరకాయ బుర్రను ఈమధ్య రోజూ పొద్దున్నే ఒకసారి తల ఎత్తి చూసుకుంటున్నాను. అదెక్కడికీ పోదు. పోదని తెలిసీ చూసుకుంటాను, చూసుకున్నాక టీ నీళ్ళు పొయ్యి మీద పెడతాను. పోయిన వానాకాలం ఆ బుర్ర నన్ను పెట్టిన తిప్పలు అలాంటివి. ఇప్పుడు దాన్ని చూస్తే కడుపు చల్లగా ఉంటుంది.

అందులో ఉన్నవి పచ్చజొన్నలు. మా దగ్గర పచ్చ అంటే పసుపు రంగే. అత్తమ్మ కందుకూరు దిక్కు నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చేటప్పుడు వాళ్ళమ్మ కొంగున కట్టి పంపిన విత్తనం అది. అప్పటి నుంచి ఏ ఏడూ మానకుండా వేస్తూ, కోస్తూ, మంచి కంకులు ఏరి, గింజలకు బూడిదా వేపాకూ కలిపి బుర్రలో పోసి, మూతికి బట్ట కుక్కి, పైన పేడ మెత్తి దూలానికి కడుతూ వచ్చింది. ఊళ్ళో బోరున్నవాళ్ళు వరికి మళ్ళారు, లేనివాళ్ళు పత్తికి మళ్ళారు, రెండూ వద్దనుకున్నవాళ్ళు ప్లాట్లు చేసి అమ్ముకున్నారు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇప్పుడు పచ్చజొన్న ఎవరి దగ్గర ఉందో నాకు తెలియదు. అత్తమ్మ పుట్టింట్లో అడిగిస్తే అక్కడా లేదన్నారు.

ఆ బుర్రను దించేదీ కట్టేదీ అత్తమ్మే. నేనీ ఇంటికి వచ్చి తల నెరిసింది గానీ ఒక్కసారి కూడా నా చెయ్యి దానికి తగలనివ్వలేదు. విత్తే రోజులు దగ్గరికొస్తే తనే స్టూలెక్కి దించుకుంటుంది. తన గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసుకుంటుంది. కాసేపటికి ఒక గిన్నెలో విత్తనం పోసుకుని బయటికి వస్తుంది. బంగారం దాచుకునేవాళ్ళు కూడా ఇంత గుట్టు చేయరు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత నవ్వొచ్చేది. మంట పూర్తిగా ఆరిందని మాత్రం చెప్పను.

అంతకు ముందటేడు జొన్న మా చేతికి సరిగ్గా రాలేదు. సగం కలుపు తినేసింది. కలుపు తీసే ఆడవాళ్ళు ఊళ్ళో లేక కాదు, పొద్దున్నే షేర్ ఆటోలెక్కి తుర్కయాంజాల్ అపార్ట్‌మెంట్లలో పనులకు పోతారు. నీడపట్టున పని, నెల తిరిగితే జీతం. వాళ్ళ చోట నేనున్నా అదే చేస్తాను. అత్తమ్మ నడవగలదు గానీ నడుం వంగదు. మా ఆయన తెల్లవారగానే పాలు తీసుకుని మీర్‌పేట్ కాలనీలకు పోతే తిరిగొచ్చేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. చేన్లో మిగిలింది నేనూ గరికా. గరిక గెలిచింది. నిలిచిన నాలుగు కంకులైనా బాగుంటాయనుకుంటే కోతల ముందు వాన పట్టుకుని గింజ నల్లబడింది. ఏరగా ఏరగా విత్తనానికి పనికొచ్చేవి ఆ బుర్రలోకి చేరినవి మాత్రమే. ఈ ఏడూ పోతే అత్తమ్మ వాళ్ళమ్మ ఇచ్చిన విత్తనం ఇక లేనట్టే. నేను నిద్రలో కూడా ఇదే లెక్క వేసుకునేదాన్ని.

మా వ్యవసాయ విస్తరణాధికారి చిన్న పిల్ల. స్కూటీ మీద తిరుగుతుంది. మేమంతా ఆమెను మేడం అంటాం, ఆమె మమ్మల్ని అక్కా, అన్నా అంటుంది. వానలకు ముందు రైతు వేదికలో మీటింగు పెట్టింది. అందరూ పత్తి పురుగుల గురించి అడుగుతుంటే నేను లేచి జొన్నలో కలుపు సంగతి ఎత్తాను. నా నోరు ఊరుకోదు.

"గడ్డిని సంపే మందులు మస్తున్నయంటిరి గద మేడం. జొన్న చేన్ల గదే కొడ్తె అయిపాయె."

"జొన్న గూడ గడ్డి జాతే అక్కా. ఇది గరిక, ఇది జొన్న అని ఆ మందుకు ఎర్కుంటదా? రెండిట్ని సంపుతది."

వెనక ఎవరో నవ్వారు. నేను కూర్చోలేదు. "మరెట్ల?" అన్నాను.

"ఒక ఉపాయమున్నది. ఇత్తేముందే గింజకు ఇంకో మందు పట్టియ్యాలె. చిన్నపిల్లలకు టీకా ఏస్తరు సూడు, గట్లనే. అది పట్టిన గింజ కలుపు మందును తన లోపల్నే ఇరగ్గొట్టుకుంటది. మొలక మంచిగొస్తది. గరికకు టీకా ఉండది గద, అది పోతది."

పరిశోధన చేసేవాళ్ళు జొన్న మీద దాన్ని చూస్తున్నారనీ, చిన్న మడికి సరిపడా పొడి తనకు దొరుకుతుందనీ, ఎవరైనా ముందుకొస్తే దగ్గరుండి చేయిస్తాననీ చెప్పింది. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నేను చెయ్యెత్తాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన "సూద్దాం తీ" అన్నాడు. ఆయన భాషలో ఆ మాటకు వద్దని అర్థం. గట్టిగా వద్దనడం ఆయనకు పుట్టుకతో రాలేదు. ఆ లోటు వాళ్ళమ్మ తీరుస్తుంది.

"నా ఇత్తునానికి మందేంది? దానికేమన్న బీమారొచ్చిందా?"

"రాకుండనే అత్తమ్మా."

"రాకుండ మందెందుకే? నీకు నొస్తలేదు గద, దవాఖానకు పోయి సూది ఏయించుకుంటవా?"

నేను ఆమెను తీసుకుపోయి చేను చూపించాను. ముందటేడు జొన్న నిలబడ్డ చోట గరిక చాపలా అల్లుకుని ఉంది. ఆమె చాలాసేపు చూసి, ఏమీ అనకుండా వెనక్కి తిరిగింది. వాన పడ్డ మర్నాడు గదిలోంచి గిన్నెతో వచ్చి నా ముందు పెట్టింది. ఇక నేను గెలిచాననుకున్నాను. అత్తల మౌనాన్ని నమ్మకూడదని నాకప్పటికే తెలిసి ఉండాల్సింది.

మేడం చెప్పినట్టే గంజి చిక్కగా కాచి చల్లార్చాను. వెడల్పాటి తాంబాళంలో జొన్నలు పోసి, చేతులకు కవర్లు తొడుక్కుని, గంజి చిలకరించి, ఆమె తెచ్చిచ్చిన గులాబీ రంగు పొడి చల్లి మెల్లగా కలిపాను. ఒక్కో గింజా గులాబీ చొక్కా తొడుక్కున్నట్టు తయారైంది. వాటిని గోనె సంచి మీద పలచగా పరిచి కొట్టం నీడలో ఆరబెట్టాను. ఎండ తగలనివ్వొద్దు, కోళ్ళను రానివ్వొద్దు అని మేడం మరీ మరీ చెప్పింది. కోళ్ళన్నిటినీ గంప కింద మూసేశాను. కాపలా కోళ్ళ మీద కాదు పెట్టాల్సింది.

మర్నాడు ఆయన పాలు త్వరగా పోసి రాగానే విత్తాం. అరెకరం కూడా నిండని మెట్ట చెలక ముక్క అది. మూడు దిక్కులా వెంచర్ల రంగు రాళ్ళు, ఒక దిక్కు రోడ్డు. ఊళ్ళో మిగిలిన ఒక్క జత ఎడ్లను అడిగి తెచ్చుకుని మా ఆయన నాగలి పట్టాడు. అత్తమ్మ గింజలు ఒడిలో పోసుకుని నాగలి వెనక నడుస్తూ సాల్లోకి జారవిడిచింది. ఆ పని ఆమెదే. ఆమె వెనక నేను కాలితో మన్ను కప్పుకుంటూ పోయాను. విత్తే ముందు గింజకు పసుపు కలపడం మా ఆనవాయితీ. ఒడిలోని గింజలు పచ్చగా కనబడితే పసుపు బాగా పట్టించిందనుకున్నాను తప్ప, గులాబీ రంగు ఏమైందని నాకు తట్టలేదు.

మధ్యాహ్నం మేడం స్కూటీ మీద కలుపు మందు తెచ్చింది. చేతికి తొడుగులు, ముఖానికి గుడ్డ. మందు ఎంత కలపాలో, నాజిల్ ఎంత ఎత్తులో పట్టుకోవాలో చెబుతూ రోడ్డు పక్కన అంచునున్న సాళ్ళ మీద తనే కొట్టి చూపించింది. పంపులో కలిపింది అయిపోగానే మిగిలిన సీసా మా ఆయన చేతికిచ్చింది.

"గిట్లనే అన్నా. నేల తడి ఆరకముందే అయిపోవాలె."

కందుకూరులో ఇంకో రైతు ఎదురుచూస్తున్నాడని వెళ్ళిపోయింది. నాకు బర్రె పాలు పిండే వేళైంది, ఇంటికొచ్చాను. పొద్దు గూకేముందు ఆయన పంపు భుజాన వేసుకుని వచ్చాడు.

"అన్ని సాళ్ళకు కొట్టినవా?"

"కొట్టిన."

"ఏ సాలు ఇడిశిపెట్టలె గద?"

"ఏదీ ఇడిశిపెట్టలె."

ఆ రెండు జవాబుల్లోనూ అబద్ధం లేదని తర్వాత తెలిసింది. అలా చెప్పి ఆయన ఎడ్లను తిరిగి ఇచ్చి రావడానికి పోయాడు.

నేను రొట్టెలు చేస్తున్నాను. అత్తమ్మ గడప దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుంది. మంచి హుషారుగా ఉంది.

"ఏమన్న గాని పిల్లా, మొలక మాత్రం మస్తు వస్తది సూడు. తాలు ఒక్క గింజ లేకుంట తీసిన. మంచిగ కడిగిన."

"ఏం కడిగినవ్?"

"జొన్నలు. నువ్వు పొద్దుగాల బర్రె కాడికి పోయినప్పుడు. ఉప్పునీళ్ళల్ల ఏసి తాలు తీసి, మల్ల మంచినీళ్ళల్ల కడిగిన. ఆ ఎర్ర బూజు పోయెటాల్లకు నా రెక్కలు వోయినయ్."

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. తిప్పడానికి నా చెయ్యి లేవలేదు.

"గంత మందు పూసి పెట్టినం గదా అత్తమ్మా."

"పూస్తివి. దాని పని అది చేసి ఉంటది. పూసింది పూసినట్టే మట్ల ఏస్తరా? తాలు తియ్యకుంట, కడగకుంట ఇత్తు పెట్టుడు మా ఇంట వంట లేదు."

ఆమె దాన్ని దాచలేదు, మోసం చేయలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్న పనే చేసింది. పైగా నాకు సాయం చేశాననుకుంటోంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇక్కడ తొక్కింది నేను, కడిగింది ఆమె. మాడిన రొట్టె తీసి బర్రె కుడితిలో పడేశాను.

అత్తమ్మకు ఏమీ చెప్పలేదు. ఆ సంతోషం చూస్తూ చెప్పలేకపోయాను. ఇంకా భయం మా ఆయన గురించి. కలుపు మందు కొట్టింది ఆయన చెయ్యి, కొట్టించింది నా నోరు. వాళ్ళమ్మమ్మ ఇచ్చిన విత్తనాన్ని ఆయన చేత్తోనే చంపించానని ఆయనకు ఎలా చెప్పను? పెరట్లోకి పోయి మేడంకి ఫోన్ చేశాను.

"కడిగిన్రా? మొత్తమా?" అంది. "పొడి పెట్టి ఒక రాత్రి ఆగినయి గద అక్కా. ఎంతో కొంత గింజ లోపలికి గుంజుకుంటే బతుకుతయి. గుంజుకోకుంటే... సూద్దాం."

ఆమె కూడా సూద్దాం అంది. ఆ మాటకు మా ఇంట్లో ఉన్న అర్థం ఆమెకు తెలియదు పాపం.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. మైసమ్మకు కొబ్బరికాయ మొక్కుకున్నాను. కూరలో ఉప్పు వేయడం మరిచాను, వేసిన రోజు రెండుసార్లు వేశాను. మా ఆయన కూడా అదోలా ఉన్నాడు. మీర్‌పేట్ నుంచి రాగానే అన్నం కూడా తినకుండా చేనికి పోతున్నాడు. నా ముఖం చూడడం లేదు. అత్తమ్మ చెప్పేసి ఉంటుంది, నా మీద కోపంతో ఉన్నాడు అనుకున్నాను. నేనూ తప్పించుకు తిరిగాను. ఇంట్లో కడుపులో చల్ల కదలకుండా ఉన్నది అత్తమ్మ ఒక్కతే.

మొలక వచ్చి ఉంటుందనిపించిన పొద్దున, ఆయన పాలకు పోయాక, ఒక్కదాన్నే చేనికి పోయాను. రోడ్డు దిక్కు నుంచి పోవడంతో ముందు ఆ అంచు సాళ్ళే కనబడ్డాయి. మొలకలు వచ్చాయి. కానీ అవి మొలకల్లా లేవు. ఆకు విప్పుకోలేక మెలితిరిగి, కొసలు లోపలే ఇరుక్కుని, నడుం విరిగినట్టు వంగి ఉన్నాయి. మన్ను కదిపి చూస్తే కొన్ని పైకి రాకుండా కిందనే చుట్ట చుట్టుకుని ఉన్నాయి. అక్కడే కూలబడ్డాను. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి, ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

ఏడ్చి ఏడ్చి, ఎంత పోయిందో చూద్దామని లేచి లోపలికి నడిచాను. అంచు సాళ్ళు దాటాను. నా కళ్ళను నేను నమ్మలేదు. అక్కడి నుంచి మొలకలన్నీ నిటారుగా, ఆకు విప్పుకుని, సాలు పొడవునా గీత గీసినట్టు నిలబడి ఉన్నాయి. ఆ చివరి దాకా పోయాను. ఈ చివరికొచ్చాను. ఎక్కడా ఒక్క మెలిక లేదు. పోయిందనుకున్న ప్రాణం లేచొచ్చింది. కడిగినా మందు లోపలికి గుంజుకుంది, మేడం చెప్పింది నిజమే, నా తల్లే, నా జొన్నే అంటూ మొలకలతో మాట్లాడాను.

కాస్త నిమ్మళించాక సాళ్ళ మధ్యకు చూశాను. అక్కడ కూడా పచ్చగానే ఉంది. గరిక, ఊద, తుంగ, గునుగు, మా చెలకలో పుట్టే చుట్టాలందరూ వచ్చేశారు. రోడ్డు పక్క సాళ్ళలో మాత్రం ఒక్క గడ్డిపోచ లేదు. మందు ఒకటే, చేను ఒకటే. అక్కడ జొన్నను కూడా వదలని మందు ఇక్కడ గరికను ఎందుకు ముట్టుకోలేదు?

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. మా ఆయన ఒడ్డు మీద నిలబడి ఉన్నాడు. మీర్‌పేట్ నుంచి నేరుగా ఇక్కడికే వచ్చినట్టున్నాడు, ఖాళీ పాల క్యాన్లు ఇంకా బండికే ఉన్నాయి.

"ఏందయ్యా, ఏం కొట్టినవ్ గీడ?"

నేల చూశాడు. జొన్న వైపు చూశాడు.

"నీళ్ళు."

"ఏందీ?"

"ఒట్టి నీళ్ళు. మేడం పోయినంక పంపు మంచిగ కడిగి పక్కోళ్ళ బోరు నీళ్ళు నింపిన. అన్ని సాళ్ళకు కొట్టిన. సీసా కొట్టంల పైన పెట్టిన."

"ఎందుకట్ల?"

"అమ్మ ఇత్తునం. గదొక్కటే ఉండె. టీకా పన్జేస్తదో లేదో... నా చేతులాడలె."

"నాకు చెప్పొచ్చు గద!"

"చెప్తె నువ్వు ఇనేదానివా?"

మట్టిపెడ్డ తీసి విసిరాను. తగలలేదు. నా చేత్తో విసిరింది ఏదీ ఎవరికీ తగలదు, అది ఆయనకూ తెలుసు. ఇన్నాళ్ళూ ఆయన ముఖం చాటేసింది నా మీద కోపంతో కాదు, నీళ్ళ సంగతి బయటపడుతుందన్న భయంతో. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంట్లో ఇద్దరున్నారు. ఒకరికి తెలియకుండా ఒకరు ఆ విత్తనాన్ని నా మందుల నుంచి కాపాడుకోవాలని చూశారు.

అప్పుడు నేను కడిగిన సంగతి చెప్పాను. ఆయన వింటూ వింటూ ఒడ్డు మీదే కూర్చుండిపోయాడు. మెల్లగా తల తిప్పి రోడ్డు పక్క సాళ్ళ వైపు చూశాడు. పొడి కడిగేసిన గింజ మీద అసలు మందు పడింది అక్కడ ఒక్కచోటే. ఆయన నా మాట విని ఉంటే చేనంతా అలాగే మెలితిరిగి ఉండేది. ఇద్దరం ఒకేసారి అది అర్థం చేసుకున్నాం. నాకు నవ్వు ముందొచ్చిందో ఏడుపు ముందొచ్చిందో గుర్తు లేదు. ఆయన మాత్రం నవ్వలేదు, నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. మా పెళ్ళైన ఇన్నేళ్ళలో పట్టపగలు, రోడ్డు పక్కన, అదే మొదటిసారి.

మేడం వచ్చి విని, స్కూటీ హ్యాండిల్ మీద తల పెట్టి నవ్వింది. నవ్వాక మెలితిరిగిన మొలకల దగ్గర కూర్చుని ఫోన్లో ఫోటోలు తీసుకుంది. పొడి లేకపోతే ఏమవుతుందో ఇంత బాగా ఎవరూ చూపించలేదంది. ఆ మాట నాకు పెద్ద ఓదార్పు ఏమీ కాలేదు.

ఇక అత్తమ్మకు చెప్పక తప్పలేదు. వినగానే కర్ర తీసుకుని మాతో చేనికి వచ్చింది, మేడం ఇంకా అక్కడే ఉంది. ఆ సాళ్ళ మధ్య నిలబడింది. తను వంగలేదు కాబట్టి ఒక మొలక పీకి ఇమ్మంది. అరచేతిలో పెట్టాను. చుట్టుకుపోయిన ఆకును గోటితో మెల్లగా విప్పబోయింది. అది విచ్చుకోలేదు. చిరిగింది.

"నేను కడగకుంటే ఇది ఇప్పుకునేదా?"

"ఇప్పుకునేది పెద్దమ్మా," అంది మేడం.

అత్తమ్మ ఆ మొలకను కొంగులో వేసుకుంది. ఆమెను అనడానికి ఎన్ని మాటలు దాచుకున్నానో నాకే తెలుసు. ఆ ముఖం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. "మిగిలినయన్ని మంచిగున్నయి గదా అత్తమ్మా, ఫికర్ చెయ్యకు" అన్నాను.

మర్నాడు పొద్దున నన్ను గదిలోకి పిలిచింది. తలుపు దగ్గరికి వేసింది. మంచం మీద బుర్ర ఉంది.

"చెయ్యి పెట్టు."

భయంభయంగా లోపలికి చెయ్యి పెట్టాను. బూడిద, ఎండిన వేపాకు, వాటి కింద చల్లగా గింజలు. నా వేళ్ళు మునిగేంత గింజలు.

"ఇంకున్నయా?" అన్నాను.

"నేను మొత్తం ఇచ్చిన అనుకున్నవా పిల్లా? ఎవలెంత అడిగినా బుర్ర ఖాళీ చెయ్యొద్దని మా అమ్మ చెప్పింది. ఏ ఏడు గూడ సగం కంటె ఎక్కువ తియ్యలె."

"గిన్ని రోజులు సచ్చి బతికిన గదా నేను! ఒక్క మాట చెప్పకపోతివి!"

"నువ్వు అడగలె. నేను చెప్పలె."

నేలమీద కూర్చుని ఆమె మంచం కోడుకు తల ఆనించుకున్నాను. కోపం వచ్చింది, నిజమే. కానీ గుండె మీద నుంచి ఏదో బరువు దిగిపోయిన సుఖం ముందు ఆ కోపం నిలబడలేదు. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి అడిగింది.

"మేడం పొడి మిగిలిందా?"

మిగిలింది. రోడ్డు పక్క సాళ్ళలోనే మళ్ళీ విత్తుదామంది అత్తమ్మ. చచ్చిన చోటే బతికించి చూపాలన్నది ఆమె పంతం. మేడంని అడిగితే, నేలలో ఆ మందు ఇంకా ఉంది, మళ్ళీ కొట్టాల్సిన పని లేదు, పొడి పట్టించిన గింజకు అసలు పరీక్ష అదే అంది. కడగడం గురించి కూడా అత్తమ్మ ముందే అడిగింది.

"ముందుగాల కడుగు పెద్దమ్మా, తాలు తియ్యి, మంచిదే. ఆరినంక పొడి పట్టియ్యాలె. పట్టిచ్చినంక మాత్రం నీళ్ళు తాకొద్దు."

అత్తమ్మ నా వైపు తిరిగింది. "గీ ముక్క ముందే చెప్తె అయిపోతుండె గద."

ఈసారి గంజి తనే కాచింది. గింజలు తనే కడిగి ఆరబెట్టింది. నేను పొడి పట్టించి కొట్టం నీడలో పరిచాక, మంచం అక్కడే వేయించుకుని కర్ర పట్టుకుని కూర్చుంది. కోళ్ళనే కాదు, నన్ను కూడా దగ్గరికి రానివ్వలేదు.

ఆ సాళ్ళలో మొలక వచ్చింది. విషం ఉన్న మట్టిలోంచి ఆకు విప్పుకుని నిటారుగా వచ్చింది. దాని పక్కన గడ్డిపోచ మొలవలేదు. కబురు చెప్పడానికి నేను చేను నుంచి ఇంటి దాకా ఈ వయసులో పరుగెత్తాను. అత్తమ్మ మాత్రం "నేను సూసినంకనే నమ్ముత" అంటూ కర్ర తీసుకుంది. చూసింది. నమ్మింది. మైసమ్మ కొబ్బరికాయ ఆ రోజే కొట్టి వచ్చాను.

మిగతా చేనంతా మా ఆయనా నేనూ కొడవళ్ళు పట్టుకుని కలుపు తీశాం. మీర్‌పేట్ నుంచి రాగానే ఆయన్ను నేరుగా సాల్లో కూర్చోబెట్టేదాన్ని. నీళ్ళు కొట్టినందుకు ఇదే శిక్ష అని రోజూ గుర్తు చేసేదాన్ని. ఎంత తీసినా గునుగు మిగిలింది. బతుకమ్మకు పువ్వు కావాలని అడిగినవాళ్ళందరికీ మా చేనే చూపించాం. అత్తమ్మ మాత్రం కాళ్ళకు ఏదీ అడ్డం పడని రోడ్డు పక్క సాళ్ళలో సాయంత్రం పూట హాయిగా నడిచేది.

నాటు విత్తనం కదా, వేసిన రోజును కాక కాలాన్ని చూసుకుని కంకి వేస్తుంది. ఆలస్యంగా వేసిన సాళ్ళు కూడా తక్కిన చేనుతో దాదాపు కలిసే కంకి వేశాయి. కోతలప్పుడు విత్తనం కంకులు ఏరడానికి అత్తమ్మ ముందు రోడ్డు పక్కకే పోయింది.

"అవి మందు నేలల పెరిగినయి గదా అత్తమ్మా," అన్నాను.

"పెరిగి బతికినయి గద. గదే ఇత్తునం."

తల్లికి వేసిన టీకా పిల్లకు రాదు, ప్రతి ఏడూ కొత్తగా పొడి పట్టించాల్సిందే అని మేడం విడమరిచి చెప్పింది. అత్తమ్మ అంతా విని తలూపింది. అయినా అవే కంకులు ఏరింది.

గింజలు రాల్చి, ఎండబెట్టి, బూడిదా వేపాకూ కలిపి బుర్ర నింపింది. మూతికి బట్ట కుక్కి పేడ మెత్తింది. స్టూలు తెచ్చి దూలం కింద వేసింది. ఎక్కుతుందని నేను పక్కకు జరిగాను.

"నువ్వెక్కు," అంది.

ఎక్కాను. అత్తమ్మ రెండు చేతులతో బుర్ర ఎత్తి నాకు అందించింది. బరువుగా ఉంది, ఇన్నేళ్ళూ కింది నుంచి చూసినప్పుడు నేననుకున్న దానికన్నా చాలా బరువు. తాడు దూలం చుట్టూ తిప్పి ముడి వేశాను.

"గట్టిగ ఏసినవా?"

"ఏసిన."

"యాదుంచుకో పిల్లా. ఎవలడిగినా సగమే తియ్యాలె. రేపు నేనడిగినా సగమే."

"అవ్ అత్తమ్మా," అన్నాను. ముడి ఇంకోసారి లాగి చూసి స్టూలు దిగాను.